అమ్మ అంగిట్లో కన్నం

నాకు రోత ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. ఒకరు తాగిన గ్లాసుతో నీళ్లు తాగలేను. అన్నంలో వెంట్రుక కనబడితే ఆ పూటకి పస్తే. బస్సులో ముందు సీటులో ఎవరైనా కిటికీలోంచి ఉమ్మితే, నేను దిగేదాకా ముక్కూ నోరూ చీర చెంగుతో మూసుకునే కూర్చుంటాను. నాకు పెళ్లి కుదిరినప్పుడు మా అమ్మ, "ఈ గుంటకి బిడ్డ పుడితే ఆ గుడ్డలు ఎవులు ఉతుకుతారో" అని ఊరందరికీ చెప్పి నవ్వింది.

అలాంటి నేను కొన్ని నెలలపాటు మా అమ్మ నోట్లోకి టార్చిలైటు వేసి చూస్తూ బతికాను. ఇప్పుడు ఆమె బాగానే ఉంది. బాగానే ఉంది గనకనే ఇది రాయగలుగుతున్నాను. పెద్ద జబ్బుల నుంచి బయటపడ్డవాళ్ల గురించి రాసేటప్పుడు చాలామంది ధైర్యం గురించీ దేవుడి గురించీ రాస్తారు. నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది వాసన.

మా ఊరు ఒడిశాలో చికిటి దగ్గర. అమ్మ పేరు కూర్మమ్మ. నాన్న పోయాక తమ్ముడు దండాసి దగ్గర ఉంటూ కూలికి వెళ్తుంది, పెరట్లో కాసిన వంకాయలూ తోటకూరా చికిటి సంతకి పట్టుకెళ్లి అమ్ముతుంది. నన్ను బరంపురం ఇచ్చారు. మా ఆయన బట్టల కొట్లో పనిచేస్తారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను.

మా వైపు ఆడవాళ్లు చుట్ట ఎలా తాగుతారో తెలియనివాళ్లకి చెప్పాలి. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. అడ్డపొగ అంటారు. వానలో ఊడ్పులప్పుడు చుట్ట తడవదు, గాలికి ఆరదు, రెండు చేతులూ నారు నాటడానికి ఖాళీగా ఉంటాయి. పెదాలు మూసుకుంటే నిప్పు లోపలే, పొగ లోపలే, బూడిదా లోపలే. అమ్మ నాకు జడ అల్లుతూ కూడా అలాగే తాగేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసనకి అటు తిరిగి రాసుకునేది.

*మాఘం వెళ్తుండగా*

మునక్కాడల కట్ట పట్టుకుని అమ్మ మా ఇంటికొచ్చింది. గుమ్మంలో నన్ను దగ్గరికి లాక్కుంటే ఆ వాసన తగిలింది. నానబెట్టి మరిచిపోయిన మినప్పప్పు వాసన, దాని వెనక ఎండుచేపల బుట్ట వాసన, ఆ రెండింటి కింద పేరు పెట్టలేనిది ఇంకొకటి.

"అమ్మా, ముందు నోరు కడుక్కో" అన్నాను.

"కడిగినాను."

"మళ్లీ కడుక్కో."

"ఎన్నిసార్లు కడగమంటావే? ఇదేటి నోరా, అంట్ల గిన్నా?"

భోజనం దగ్గర కూర ముట్టుకోలేదు. మిరపకాయ లేనిదే ముద్ద మింగని మనిషి, మజ్జిగన్నం ఒక పక్క దవడతో మెల్లగా నములుతోంది. నాకు అనుమానమొచ్చి వెలుతురులోకి తీసుకెళ్లి నోరు తెరవమన్నాను. వద్దంది. పట్టుబట్టాను. తెరిచింది.

అంగిలి సున్నం పెచ్చులు లేచిన గోడలా తెల్లగా ఉంది. నడుమ రూపాయి బిళ్లకంటే పెద్ద పుండు, పచ్చి మాంసం, దాని అంచులు పుట్టగొడుగు గొడుగులా పైకి లేచి ఉన్నాయి. నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. వెనకాలే వచ్చి అమ్మ నా నుదురు పట్టుకుంది.

"ఏటే, అంత బాగుందేటి?" అంది.

ఎన్నాళ్లయిందని అడిగితే, వరి కోతలప్పటి నుంచి అంది. మరి ఎందుకు చెప్పలేదు?

"సెప్తే నువ్వు సూస్తానంటావు. సూస్తే కక్కుతావు. కక్కినావు కదా."

*చైత్రం, యాత్ర రోజులు*

డాక్టరు చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. ఏ ఆసుపత్రో, ఏ డాక్టరో రాయను. వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. ఫలితం వచ్చేలోపు బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర మొదలైంది. మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతున్నారు. రాత్రీ పగలూ డప్పులు.

ఫలితం కోసం వెళ్లిన రోజు వరండా నిండా జనం. గోడ మూలల్లో పాన్ ఉమ్ముల చారలు ఒకదాని మీద ఒకటి ఎండిపోయి ఉన్నాయి. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నా వాసన దాగలేదు. మొదట మా పక్కనున్న ముసలావిడ లేచింది, తరవాత ఆవిడ కోడలు. కాసేపటికి ఆ బల్ల మీద నేనూ అమ్మా మిగిలాం. నాకు వాళ్ల మీద ఎంత రోత పుట్టిందో చెప్పలేను. నేను కిటికీ పక్కన కూర్చున్నాను గనక కూర్చోగలిగాననీ నాకు తెలుసు.

అప్పుడొక పులి వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది. మొక్కు తీర్చుకుంటూ పులి వేషం కట్టినాయన, కాలికి గాజు పెంకు గుచ్చుకుని వచ్చాడు. ఒళ్లంతా పసుపు రంగు, చెమటకి చారలు కారిపోతున్నాయి, తోకని మోచేతికి చుట్టుకున్నాడు. అమ్మ అతనితో ఒడియాలో మాట కలిపింది. "నిన్ను చూసి ఊరంతా పారిపోతుంది, ఇక్కడ నన్ను చూసి పారిపోతున్నారు. మనిద్దరిదీ ఒకటే జాతి" అంది. అతను రంగు పెచ్చులు రాలేలా నవ్వాడు. తన వంతు వచ్చినప్పుడు లేవకుండా, "నువ్వు వెళ్లు మావుసీ, నా కాలు ఎక్కడికీ పోదు" అన్నాడు. మావుసీ అంటే పిన్ని.

లోపల డాక్టరు విషయం దాచలేదు. అది కాన్సరు. అంగిలి సగం తీసెయ్యాలి, దానితోబాటు ఆ పక్క పళ్లు కూడా. నోటికీ ముక్కుకీ మధ్య కన్నం మిగులుతుంది. దానికి కట్టుడుపళ్ల లాంటి ప్లేటు చేసి అడ్డం పెడతారు. ప్లేటు ఉంటేనే తిండీ, మాటా. చీటీ రాయించి అప్పుడే మా వెనకాల లోపలికొచ్చిన దండాసి గోడ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టాడు.

"తీసిన ముక్క ఏటి సేస్తారు బాబూ?" అని అమ్మ అడిగింది.

పరీక్షకి పంపిస్తామన్నారాయన.

"అయితే సరే. కాకులకి మాత్రం ఎయ్యకండి. పొగాకు అలవాటైపోతాది ఆటికి."

డాక్టరుకి నవ్వాలో వద్దో తెలియలేదు. నేను నవ్వాను. నవ్వుతూనే బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

ఆ సాయంత్రం జాకెట్టు చేతులు కుడుతుంటే అమ్మ నా మిషను పక్కన నేల మీద కూర్చుంది. డప్పులు దూరంగా పోయాక అంది.

"నాకు సావంటే బయిం లేదు అమ్మీ. మీ నాయిన దగ్గిరికి ఎల్తాను. నా బయిం ఏటంటే, నీకు రోత పుట్టీసి నన్ను ఒదిలీస్తావని."

పుట్టదని అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పినా నమ్మదు.

"రోత పుడతాది. పుట్టినా ఒదల్ను" అన్నాను.

"అలగైతే పర్లేదు. కక్కి రా, మళ్లీ రా. నానెక్కడికెల్తాను" అంది.

*వైశాఖం*

ఆపరేషను రోజు పొద్దున తీసుకెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాటాక గాని తీసుకురాలేదు. బయట బెంచీ మీద నేనూ దండాసీ ఉన్నాం. మా దూరపు పెద్దమ్మ ఒకావిడ పరామర్శకొచ్చి, ఇదే జబ్బుతో ఎవరెవరు ఎలా పోయారో చెప్పడం మొదలుపెట్టింది. ఒకామె చెంపకి పురుగులు పట్టాయట. చెబుతూ చెబుతూ మధ్యలో గారె తింటోంది. గారె నూనె ఆవిడ గడ్డం మీద మెరుస్తోంది. ఎవరి జబ్బు చూసీ పుట్టనంత రోత నాకు ఆ గారె చూసి పుట్టింది.

"పెద్దమ్మా, నీ బస్సు ఎల్లిపోతాది" అన్నాను.

"నాకింకా టైముంది."

"ఉంటే ముందే ఎల్లి కూకో. సీటు దొరుకుతాది."

అమ్మని బయటికి తెచ్చేసరికి మొహం ఒక పక్క కుండలా ఉబ్బి ఉంది. ముక్కులో గొట్టం, నోటి నిండా గుడ్డ కుక్కి ఉంది. కళ్లు మాత్రం అమ్మవే. నన్ను చూసి, చెయ్యెత్తి, వాంతి చేసుకుంటున్నట్టు అభినయించి, ఏమైంది అన్నట్టు వేళ్లు తిప్పింది. ఇంకా లేదు అన్నాను.

ఆ గుడ్డ తీసిన రోజున అయింది. పాత వాసన దాని ముందు పూలదండ. నర్సు తీస్తుంటే తెమడ, గడ్డకట్టిన నెత్తురు, తీగల్లా సాగుతూ వచ్చాయి. నేను బకెట్టు దాకా కూడా వెళ్లలేకపోయాను. పక్క మంచం దగ్గర దిగపహండి నుంచి కూతురికి తోడుగా వచ్చిన సుభద్ర అనే ఒడియా ఆవిడ ఉంది. నేను పాడుచేసిన నేలని నేను కడిగేలోపే ఆవిడ కడిగేసింది. తరవాత తన జేబురుమాలు కొసలో కర్పూరం బిళ్ల ముడివేసి, నా జాకెట్టులో దోపింది. ఆ రుమాలు మాసిపోయిందే, ఒకరు వాడినదే. దానితోనే ముక్కు మూసుకుని ఆ వారమంతా గడిపాను.

తాత్కాలికంగా ఇచ్చిన ప్లేటు మొదట్లో సరిగా ఇమిడేది కాదు. మాటంతా ముక్కులోంచి వచ్చేది. ప, బ అన్నీ మ అయిపోయేవి, త, ద అన్నీ న అయిపోయేవి. అమ్మ తమ్ముణ్ని "దండాసీ" అని పిలిస్తే "నన్నాసీ" అని వచ్చింది. వార్డులో తెలుగువాళ్లందరికీ "సన్నాసీ" అని వినబడింది. వాడు బిక్కమొహం వేసి అక్కనైన నా వైపు తిరిగాడు.

"అప్పా, నానేటి సేసినాను? నన్నలగ తిడతందేటి?"

అమ్మ సంగతి గ్రహించింది. కడుపు పట్టుకుని నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించి, మళ్లీ పిలిచింది. ఈసారి కావాలనే. ఆ రోజు నుంచి వాడికి చెప్పే ప్రతి పనికీ ముందు ఆ పిలుపు తగిలించేది. వాడు కూడా పలకడం నేర్చుకున్నాడు.

మొదటిసారి నోటితో పాలు తాగించినప్పుడు గుక్క లోపలికి వెళ్లినట్టే వెళ్లి, ముక్కులోంచి నా ఒడిలో పడింది. పాలూ చీమిడీ కలిసి. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అమ్మ తలొంచుకుని ఉంది. అంతవరకూ ఎన్నడూ సిగ్గుపడని మనిషి. నాకేం చెయ్యాలో తోచక, "ఇంకో గ్లాసు తెస్తాను, ఈసారి చెవిలోంచి రప్పించు" అన్నాను. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. మిగిలిన పాలు కూడా బయటికొచ్చేశాయి.

ఊరి నుంచి అమ్మ జట్టువాళ్లు ముగ్గురు వచ్చారు. పోలమ్మ వాళ్లలో పెద్దది, అమ్మతో కలిసి చిన్నప్పటి నుంచీ నాట్లు వేసింది. మంచం చుట్టూ ముక్కులు మూసుకుని నిలబడి, "అయ్యో కూర్మీ, నీకేటి కర్మమే" అన్నారు. తరవాత ముగ్గురూ బయట మెట్ల మీదికి వెళ్లి, చుట్టలు వెలిగించి, నిప్పు కొసలు నోట్లో పెట్టుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అదే నోళ్లతో తిరిగొచ్చారు. అమ్మ పోలమ్మ మెడ పట్టుకుని తన మీదికి వంచుకుంది. ముద్దు పెట్టుకోవడానికి కాదు. ఆ ఊపిరి పీల్చుకోవడానికి. కళ్లు మూసుకుని పీల్చింది.

ఆ చీమూ నెత్తురూ అన్నీ కలిపినా అంత అసహ్యం వెయ్యలేదు నాకు. ముగ్గుర్నీ వార్డులోంచి వెళ్లగొట్టాను. అమ్మ ఆ రోజంతా నా వైపు చూడలేదు.

*జ్యేష్ఠం*

మా ఇంటికే తెచ్చుకున్నాను. దండాసి భార్య తనకి చేతకాదంది. నిజమే చెప్పింది గనక ఆమె మీద నాకు కోపం రాలేదు.

అసలు ప్లేటు వచ్చింది. ప్రతి భోజనం తరవాతా తీసి కడగాలి. గులాబీ రంగు ప్లాస్టిక్కు మీద మెతుకులు, పచ్చటి జిగురు, తోటకూర పీచు. పెరట్లో కుళాయి దగ్గర పాత బ్రష్షుతో తోముతూ వాంతి ఆపుకునేదాన్ని. తరవాత ఉప్పునీళ్లు పుక్కిలింపించి, టార్చి వేసి కన్నంలో ఏమైనా ఇరుక్కుందా చూడాలి. అక్కడ మా అమ్మ లోపలిభాగం తడిగా ఎర్రగా కదులుతూ కనబడేది. మనిషి ఇంతేనా అనిపించేది.

మా ఆయన వాసన గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే సాంబ్రాణి ధూపం వెయ్యడం మాత్రం మొదలుపెట్టారు. దేవుడికని చెప్పారు. మా ఇంట్లో దేవుడు వంటింట్లో ఉంటాడు. ధూపం అమ్మ గదిలో వేసేవారు.

ఒక మధ్యాహ్నం నేను జాకెట్లు ఇచ్చి తిరిగొచ్చేసరికి అమ్మ మంచం మీద లేదు. మరుగుదొడ్డి తలుపు సందులోంచి పొగ వస్తోంది. తలుపు తోశాను. గోడకి ఆనుకుని కూర్చుని, నోట్లో చుట్ట పెట్టుకుని, బలంకొద్దీ పీలుస్తోంది. పొగ గొంతులోకి పోవడం లేదు. కన్నంలోంచి ముక్కులోకి వెళ్లి, రెండు రంధ్రాల్లోంచీ ఇటుకల బట్టీలా బయటికొస్తోంది. ప్లేటు పక్కన చెంబు మీద బోర్లించి ఉంది. అది కాలిపోకుండా తీసి జాగ్రత్త పెట్టింది.

ఇంకొకరి తల్లి అయితే నవ్వుదును. చుట్ట లాగి దొడ్లో పడేశాను. లోపల దాచుకున్నదంతా బయటికొచ్చేసింది.

"నీ నోట్లో కుళ్లు నా చేతుల్తో కడుగుతన్నాను. అన్నం సయించి ఎన్నాళ్లయింది నాకు? నా చేతులంటే నాకే రోత. ఇదా నువ్వు సేసే పని?"

ఆమె ప్లేటు తీసి లోపల పెట్టుకుని, మాట సరిచేసుకుని అంది. "పీల్సలేకపోతన్నానే. ఎంత లాగినా రావట్లేదు." ఆ గొంతులో తప్పు చేసిన భయం లేదు. ఎవరో పోయినప్పుడు ఏడ్చే గొంతు అది.

తరవాత ప్లేటు నాకు ఇవ్వడం మానేసింది. తనే గోడ పట్టుకుని కుళాయి దాకా వెళ్లి కడుక్కునేది. సరిగా కడగలేకపోయేది. తిండి తగ్గించింది. ఏమీ తినకపోతే ఏమీ కడగక్కర్లేదు కదా. చెంపల ఎముకలు తేలుతుంటే చూస్తూ ఉన్నాను. డాక్టరు నోరు సాగడానికి రోజూ చెయ్యమన్న కసరత్తు కూడా మానేసింది. దవడ బిగుసుకుపోతోంది. జబ్బు తీసేసినా మనిషి ఇలాగే పోతుందని అర్థమైంది.

ఒక పూట గంజి తాగి లేవబోతుంటే కుళాయికి అడ్డంగా నిలబడి చెయ్యి చాచాను.

"ఇలాగియ్యి."

"కక్కుతావు."

"కక్కుతాను. ఇయ్యి."

ప్లేటు తీసి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా, జారుతూ. కడిగాను. వాంతి కూడా అయింది. అమ్మ కుళాయి పక్కన రాయి మీద కూర్చుని, "అప్పుడే అయిపోనాదేటి? నిన్న మజ్జిగ కూడా తాగినావు కదే" అంది. ఆ రాత్రి భోజనంలో పప్పు అడిగి వేయించుకుంది.

*మరుసటేడు, ఊడ్పుల కాలం*

డాక్టరు ప్రతిసారీ చూసి, ఏమీ లేదనే చెబుతున్నారు. అమ్మ చుట్ట మానేసింది. మంచితనంతో కాదు, పొగ నిలవక. కారణం ఏదైతేనేం. ఊరికి వెళ్లిపోయింది, సంతకి కూడా వెళ్తోంది. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా అడ్డపొగ తాగే తల్లో అత్తో ఉంటే ఒకటే చెబుతాను. నోరు తెరిపించి చూడండి. అంగిలి తెల్లబడితే ఆగకండి. రోత పుడుతుంది. పుట్టనివ్వండి. ముక్కు మూసుకోండి గాని కళ్లు మూసుకోకండి.

అమ్మని చూడ్డానికి నేను ఊరెళ్లిన రోజు సన్నగా వాన పడుతోంది. కూలివాళ్లకి కూడు పట్టుకుని ఇద్దరం పొలానికి వెళ్లాం. ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని తిని, చుట్టలు తీశారు. వాళ్లలో నీలవేణి అని కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్ల ఉంది. వాళ్ల అత్త తను వెలిగించబోతున్న చుట్ట సగం విరిచి ఆ పిల్లకిచ్చింది. వానకి వెచ్చగా ఉంటుంది తాగమంది.

అమ్మ అది చూసి, "ఇలా రాయే పిల్లా" అంది.

ఆ పిల్ల వచ్చింది. అమ్మ నోట్లో వేళ్లు పెట్టి ప్లేటు తీసి, మెతుకులతో సహా ఆ పిల్ల చేతిలో పెట్టింది. తరవాత వెలుతురుకి మొహం ఎత్తి, నోరు బార్లా తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది. నలుగురిలో అలా తియ్యొద్దని ఆమెకి ఎన్నిసార్లు చెప్పానో. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

నీలవేణి వంగి చూసింది. ముక్కు దాకా కనబడి ఉంటుంది. ప్లేటు నా చేతిలో పడేసి, చెయ్యి చీరకి తుడుచుకుంటూ కాలవ వైపు పరుగెత్తింది. సగం చుట్ట బురదలో పడింది. మిగతావాళ్లు అటు తిరిగి కూర్చున్నారు.

"కూర్మీ, కూడు తిన్న నోళ్లం. ఇదేటే రోత" అంది పోలమ్మ.

అమ్మ నోరు ముయ్యకుండానే పోలమ్మ వైపు తిరిగి, ముక్కుతో ఏదో అంది. ప్లేటు లేదు గనక వాళ్లెవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"నువ్వూ ఒచ్చి సూడమంటంది" అని చెప్పాను.

పోలమ్మ తిట్టుకుంటూ లేచి, అవతలి గట్టు మీదికి వెళ్లి వెలిగించుకుంది. ఇద్దరు ఆమె వెనకే వెళ్లారు. మిగిలినవాళ్లు ఆ పూట చుట్టలు బొడ్లోకి దోపుకుని మళ్లీ మడిలోకి దిగారు. వాళ్లు మర్నాడు తాగారేమో నేను చెప్పలేను. నేను కాలవ నీళ్లలో ప్లేటు కడిగి తెచ్చాను. అమ్మ లోపల పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి, పొలంలో వంగిన నడుముల కేసి చూసింది.

"రేపు కూడా ఒద్దామే" అంది. "సరిగ్గా కూడు తినే యేళకి."